కొత్త బైకు ఎవరి కొలతకి

"ఎన్నిసార్లు చెప్పమంటావు నాన్నా? బండి విరిగింది నా వల్ల కాదు. ఇరవై నాలుగేళ్ళు రాళ్ళ మీదా బురదలోనూ పరిగెత్తిన ఇనుము అది. దాని ఆయువు తీరింది, విరిగింది. నన్నేం చెయ్యమంటావు, ఉరేసుకోమంటావా?"

ఎల్విన్ బెస్విక్ తలెత్తలేదు. రొట్టె ముక్క మీద వెన్న రాస్తున్నాడు. అయిదు నిమిషాలుగా అదే ముక్క, అదే వెన్న.

ఇది అయిదో రోజు. కిందటి గురువారం వాగు దాటేచోట ఎర్రబైకు హ్యాండిలు కింద చట్రం పుటుక్కున విరిగి, బ్రోన్విన్ బైకుతో సహా నీళ్ళలో పడింది. వెనక పలక మీద కూర్చున్న కుక్క టిక్ ఈదుకుంటూ ఒడ్డుకెళ్ళి ఒళ్ళు దులుపుకుంది. బ్రోన్విన్ మోకాలు బంగాళాదుంపలా వాచింది. ఆ సాయంత్రం నుంచి తండ్రి ఆమెతో ఉప్పు అందించమనడం తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

"వాగులోకి అంత వేగంగా దింపడమెందుకు?" అన్నాడు చివరికి, వెన్నకి చెప్తున్నట్టు.

"వేగమా! ఆవుల వెనక వెళ్తున్నాను. మన ఆవులు ఏమైనా పందెం గుర్రాలా?"

"ఇద్దరూ ఆపుతారా?" తల్లి నోరీన్ పొయ్యి దగ్గర్నుంచి అంది. "పొద్దున పాలు పిండి వచ్చి పిల్ల ఇంకా ముద్ద నోట్లో పెట్టలేదు."

ముప్ఫై తొమ్మిదేళ్ళ పిల్ల గుడ్డు మీద మిరియాల పొడి చల్లుకుంది. ఆకలి ఉంది గాని నమిలే ఓపిక లేదు. బైకు లేనప్పటినుంచి పూటకు రెండు కిలోమీటర్లు నడిచి, రెండు వందల ముప్ఫై ఆవుల్ని అదిలించుకుంటూ పాలషెడ్డుకి తోలుకొస్తోంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. ఒక కాలు సగం కుంటుతూ. సాయం చేస్తామన్న పొరుగువాళ్ళకి వద్దని చెప్పింది కూడా తనే. బెస్విక్‌ల రక్తంలో ఉన్న జబ్బు అది.

ఈ అయిదు రోజులూ ఆ ఇంట్లో ఇంకో బైకు గురించి తప్ప వేరే మాట లేదు. ఒక్కొక్కరిదీ ఒక్కో పాట. నోరీన్‌కి పైకప్పూ, సీటుబెల్టూ ఉన్న కారులాంటి పొలంబండి కావాలి. వాననుంచి కాపాడుతుందని ఆవిడ వాదన. అది మన సందుల్లో పట్టదు, వాగులో కూరుకుపోతుందని బ్రోన్విన్ వాదన. నాలుగు చక్రాల బైకు పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. నోరీన్ తమ్ముడు కొండ చేలో దాని కిందపడే పోయాడు. ఆ మాట వస్తే ఆవిడ మూడు రోజులు పడక దిగదు.

ఆదివారంనాడు పక్క పొలం వాళ్ళు చప్పుడు లేని కరెంటు బైకొకటి వాడి చూడమని ఇచ్చారు. అది ఇంకో భాగోతం. బ్రోన్విన్ దాన్నేసుకుని ఆవుల మధ్యకి వెళ్ళింది. ఒక్క ఆవు లేవలేదు. పడుకున్నవి పడుకున్నట్టే నెమరు వేస్తూ, ఎవరో చుట్టం చూపుకి వచ్చినట్టు చూశాయి. ఎర్రబండి ధడధడ వినపడితేనే పాలవేళ అని వాటికి పుట్టినప్పటినుంచి తెలుసు. చివరికి ఆమే నోటితో "ధడ్ ధడ్ ధడ్" అని అరుచుకుంటూ మంద చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆ సంగతి చెప్పి నవ్విద్దామనుకుంది ఆ రాత్రి. నోరీన్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఎల్విన్ లేచి వెళ్ళిపోయాడు.

ఎర్రబైకంటే ఎల్విన్‌కి ప్రాణం. గుండె ఆపరేషన్ అయ్యాక రెండేళ్ళుగా సరదాకైనా ఎక్కలేదు గాని ఆదివారం ఆదివారం దాన్ని కడిగి తుడిచేవాడు. అందుకే కోపమనుకుంది బ్రోన్విన్. పదకొండేళ్ళుగా దాన్నెక్కి తిరిగిన తనకి మాత్రం ప్రాణం కాదా? ఆ బైకెక్కే ఆమె ఈ పొలం నేర్చుకుంది. ఇక్కడ బెస్విక్‌ల తాతల కాలం నుంచీ ఒక పద్ధతి. బైకెక్కినవాళ్ళే గేట్లు చూస్తారు. ఇవాళ మంద ఏ మడిలో మెయ్యాలి, ఏ మడికి విశ్రాంతి ఇవ్వాలి, ఎక్కడ కరెంటు తీగ కంచె జరపాలి, అంతా వాళ్ళ నిర్ణయం. ఇంకెవరూ నోరెత్తరు.

రాత్రిళ్ళు బొమ్మల పుస్తకాలు ముందేసుకుని ఆమె ఒకదాని మీద పెన్సిలుతో గుండ్రం చుట్టింది. రెండు పక్కలా స్టాండు, గొలుసుకి నిండా మూత, ముందూ వెనకా సామాను పలకలు. బురదలో ఎటు వాలినా నిలబడుతుంది. తండ్రి ముందు ఆ పేజీ తెరిచే ఉంచింది. చూశాడు. అంతే.

ఇప్పుడు ఎల్విన్ రొట్టె కంచంలో పెట్టి, కత్తి పక్కన పెట్టాడు.

"నేను చెప్పేశాను."

"ఏం చెప్పేశావు?"

"బండి. వారిక్‌కి చెప్పేశాను. నువ్వు గుండ్రం చుట్టిందీ అదే. పన్నెండింటికల్లా సిద్ధంగా ఉంచుతాడట. నువ్వూ మీ అమ్మా వెళ్ళి తెచ్చుకోండి."

బ్రోన్విన్ తల్లి వైపు చూసింది. తల్లి గుడ్ల పెనం తోముతోంది, అవసరం ఉన్నదానికంటే గట్టిగా.

"నిజంగా? అదే బండా?"

"అదే."

"మరి ఈ అయిదు రోజులూ ఆ మొహమేంటి నాన్నా? ముందే చెప్పొచ్చుగా!" బ్రోన్విన్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. లేచి వెళ్ళి తండ్రి బట్టతల మీద ముద్దు పెట్టింది. ఆయన బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఆయనెప్పుడూ అంతే కదా అనుకుంది ఆమె.

*

వారిక్ కొట్టు ఊరి చివర, ఓడరేవుకి వెళ్ళే దారిలో ఉంది. ముందు సగం బైకులు, వెనక సగం మరమ్మతులు, మధ్యలో వచ్చినవాళ్ళకి చప్పరించే బిళ్ళల డబ్బా. బ్రోన్విన్ ఆరేళ్ళప్పటినుంచి ఆ డబ్బాలో చెయ్యి పెడుతూనే ఉంది.

"ఏమే పొట్టీ, నీళ్ళలో ఈత నేర్చుకున్నావట?" వారిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అరవై ఏళ్ళవాడు, మీసం నిండా గ్రీజు.

"నువ్వమ్మిన బండే కదా వారిక్, మునగడం బాగా వచ్చు దానికి."

"ఇరవై నాలుగేళ్ళు నడిపి ఇప్పుడొచ్చి పేచీ పెడతావా? రసీదు తెచ్చావా?"

నోరీన్ నవ్వలేదు. చేతి తొడుగుల బల్ల దగ్గర ఆగిపోయి, ఒక్కో జత తీసి చూస్తోంది. ఆవిడకి చేతి తొడుగులతో ఏం పనో బ్రోన్విన్‌కి అర్థం కాలేదు.

బైకు బయటికి వచ్చింది. ఎర్రగా, కొత్త రబ్బరు వాసనేస్తూ.

"ఎరుపే కావాలన్నాడు మీ నాన్న. లేకపోతే వద్దన్నాడు," అన్నాడు వారిక్.

బ్రోన్విన్ అయిదు రోజుల అలసట మరిచిపోయింది. మోకాలి నొప్పి కూడా మరిచిపోయింది. హ్యాండిలు పట్టుకుని కాలెత్తి ఎక్కింది.

ఎడమ బూటు కొస నేలని తాకింది. కుడి కాలు గాల్లో వేలాడింది.

ఒకసారి ఒళ్ళు కిందికి అదిమి చూసింది. బండి అర అంగుళమైనా కుంగలేదు. కొయ్యగుర్రం మీద కూర్చున్నట్టుంది. ఎర్రబండి తన కింద మెత్తగా కుంగి పాదాలు రెండూ నేల మీద పెట్టించేది. వాగులో రాళ్ళ మధ్య ఆగితే, వాలు మీద ఆగితే, దూడని తొడ మీద వేసుకుని ఆగితే కాలు నేలకి ఆనాలి. లేకపోతే పడిపోవడమే.

"వారిక్, వెనక స్ప్రింగు వదులు చెయ్యి. రాయిలా ఉంది."

"వదులు చేసే ఉంచాను. అంతకంటే దిగదు."

"దిగదేమిటి? బొమ్మలో ఇంత ఎత్తు లేదు."

"బొమ్మలో ఉన్న స్ప్రింగులు కాదుగా ఇవి. గట్టివి, విడిగా తెప్పించి వేశాను. మీ నాన్న బరువు చెప్పి మరీ వేయించాడు."

"ఎవరి బరువు?"

వారిక్ గుడ్డతో మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు. ఇందాకే తుడుచుకున్న చేతులు.

"కాగితంలో పేరు రాసుకోలేదు. తొంభై రెండు కిలోలని చెప్పాడు."

బ్రోన్విన్ పకపకా నవ్వింది. "తొంభై రెండా! ఆపరేషన్ అయ్యాక నాన్న డెబ్బై దాటితే గొప్ప. నేను యాభై ఎనిమిది. టిక్‌ని నెత్తిన పెట్టుకున్నా ఎనభై రాదు. తొంభై రెండు కిలోల మనిషి మా ఇంట్లో..."

మాట మధ్యలో ఆగిపోయింది.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఫోన్ తెరలో తమ్ముడు కర్టిస్ చొక్కా ఎత్తి పొట్ట చూపించాడు. పశ్చిమాన గనుల్లో పెద్ద లారీ నడుపుతాడు. "చూడమ్మా, ఇక్కడి క్యాంటీను తిండి. తొంభై రెండుకి వచ్చాను!" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే పెద్దగా నవ్వింది ఎల్విన్.

బ్రోన్విన్ హ్యాండిలు వదిలేసింది. బండి దిగింది. దిగుతూ తూలితే వారిక్ చెయ్యందించాడు.

"ఎప్పుడు చెప్పాడు నీకు ఇది?"

"బ్రోన్, మీ ఇంటి సంగతి నాకెందుకు తల్లీ. మీ నాన్ననే అడుగు."

"ఎప్పుడు చెప్పాడు వారిక్?"

"ఆరు వారాలైంది," అన్నాడు గొణుగుతూ. "స్ప్రింగులు సముద్రం దాటి రావాలిగా మరి. నీకు తెలుసుననే అనుకున్నాను."

ఆరు వారాలు. ఎర్రబైకు విరిగి అయిదు రోజులే అయింది. తను గుండ్రం చుట్టకముందే ఇదే బండి ఖాయమైపోయింది.

బ్రోన్విన్ వెనక్కి తిరిగి చూసింది. నోరీన్ రెండు చేతులకీ రెండు వేర్వేరు తొడుగులు వేసుకుని నిలబడి ఉంది. కూతురి మొహం వైపు చూడలేక వాటినే చూస్తోంది.

*

బండిని పికప్ ట్రక్కు వెనక కట్టుకుని బయల్దేరారు. ఊరు దాటి, బంగాళాదుంపల చేలు దాటి, సముద్రం కనపడే మలుపు దాకా వచ్చారు. గాలి ట్రక్కుని పక్కకి తోస్తోంది.

"నీకు తెలుసు," అంది బ్రోన్విన్.

నోరీన్ కిటికీ అద్దం కాస్త దించి మళ్ళీ ఎత్తింది.

"అమ్మా."

"తెలుసు."

బ్రోన్విన్ ట్రక్కుని రోడ్డు పక్కకి తీసి ఆపింది.  ఇంజను ఆపి తల్లి వైపు తిరిగింది.

"అయిదు రోజులు అమ్మా! అయిదు రోజులుగా ఆయన బండి విరగ్గొట్టానని కుమిలిపోతున్నాను. ఆయన మాట్లాడకపోతే కోపం కాబోలనుకున్నాను. కోపం కాదు. నా మొహం చూడలేక! అంతేనా?"

"ఆయన నీకు చెప్పాలనే అనుకుంటున్నాడు. రోజూ పొద్దున ఇవాళ చెప్తానంటాడు."

"కర్టిస్ వస్తున్నాడన్నమాట."

"వాడూ, పెళ్ళాం, పిల్లలూ."

"పొలం వాడికన్నమాట."

"అలా అనకు బ్రోన్. నిన్నెవరు పొమ్మన్నారు? నువ్వూ ఉంటావు. షెడ్డు పక్కన నీ చిన్న ఇల్లు నీకే ఉంటుంది. కాస్త సుఖపడతావని..."

"సుఖం కావాలని నేను అడిగానా?"

నోరీన్ ఇటు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి గాని గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"అడిగావు! జులైలో ఆవులు ఈనుతున్నప్పుడు. వెనక మెట్ల మీద కూర్చుని బూట్లు కూడా విప్పుకోలేక, 'ఇంక నా వల్ల కాదమ్మా, అలిసిపోయాను' అని ఏడ్చావు. గుర్తుందా? మీ నాన్న లోపల కుర్చీలో ఉన్నాడు. విన్నాడు. ఆ రాత్రి ఆయన కన్ను మూయలేదు. 'దాని వయసంతా మింగేశాను నోరీన్' అని ఒకటే గొణుగుడు. తెల్లారగానే కర్టిస్‌కి ఫోన్ చేశాడు, అక్క వదిలేస్తానంటోంది, నువ్వొస్తావా అని."

బ్రోన్విన్ స్టీరింగుకి నుదురు ఆనించింది.

"ఆవులు ఈనే నెలల్లో ఆ మాట అననిదెవరమ్మా?" అంది నెమ్మదిగా. "ఈ చుట్టుపక్కల ఏ మెట్ల మీద చూసినా ఎవరో ఒకరు అదే ఏడుపు ఏడుస్తుంటారు. ముప్ఫయ్యేళ్ళు నువ్వనలేదా? నిన్ను తీసేసి నాన్న ఇంకొకావిణ్ణి తెచ్చుకున్నాడా?"

నోరీన్ నవ్వబోయి ఏడ్చింది. చేతి సంచిలో రుమాలు వెతుక్కుంటుంటే అందులోంచి వారిక్ కొట్టు తొడుగు ఒకటి బయటపడింది. గాభరాలో విప్పి, బల్ల మీద పెట్టడానికి బదులు సంచిలో వేసుకుని వచ్చేసింది ఆవిడ.

"అయ్యో, దొంగతనం చేశాను," అంది.

ఇంకో రోజైతే ఇద్దరూ దానికి వారం రోజులు నవ్వుకునేవాళ్ళు. బ్రోన్విన్ ట్రక్కు తాళం తిప్పింది.

*

వాళ్ళు వచ్చేసరికి రెండున్నర దాటింది. ఎల్విన్ చేతికర్రతో గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో, ముక్కు గాలికి ఎర్రబడి ఉంది.

పలక వేసి బైకుని కిందికి దించింది బ్రోన్విన్. ఆయన దగ్గరికొచ్చి సీటు మీద చెయ్యేసి నిమిరాడు. లైటు చుట్టూ వేలు తిప్పాడు. ఆ ముసలి మొహంలో వెలుగు చూసి ఆమెకి ఇంకా నీరసం వచ్చింది. కోపమైతే తెచ్చుకోవచ్చు, ఇలాంటి మొహం మీద ఎలా చూపించడం?

"బాగుంది," అన్నాడు ఎల్విన్. "బాగుంది కదూ?"

"బాగుంది నాన్నా. తొంభై రెండు కిలోల మనిషికి బ్రహ్మాండంగా ఉంది."

ఎల్విన్ చెయ్యి సీటు మీదే ఆగిపోయింది. భార్య వైపు చూశాడు. నోరీన్ వంటింట్లోకి నడిచింది. తలుపు మాత్రం మూసుకోలేదు, లోపల నిలబడి వింటోంది.

"చెబుదామనే అనుకున్నాను."

"ఆరు వారాలు పట్టిందా నాన్నా, నోరు తిరగడానికి?"

"నువ్వు అలిసిపోయానన్నావుగా."

"అలిసిపోయానన్నాను. వెళ్ళిపోతానన్నానా?"

ఎల్విన్ కర్రతో నేల మీద గీత గీశాడు. దాని మీదే ఇంకో గీత గీశాడు.

"నాకు నలభై అయిదేళ్ళప్పుడు నడుం విరిగింది," అన్నాడు. "ఎవరూ నన్ను ఆపలేదు. ఇంకో ఇరవై ఏళ్ళు లాగాను. చివరికి గుండె కోసి కుట్టారు. నీకు అలా కాకూడదనుకున్నాను. అది తప్పా?"

"తప్పు కాదు. నన్నడక్కపోవడం తప్పు. పదకొండేళ్ళు ఆ వాగు దాటాను. ఏ మడిలో ఎన్ని రోజులకి గడ్డి తేరుకుంటుందో నాకు తెలుసు. ఏ ఆవు కాలు ఎత్తుతుందో, ఏది తంతుందో నాకు తెలుసు. కర్టిస్‌కి ఏం తెలుసు? పద్దెనిమిదేళ్ళకి ఇల్లు వదిలాడు. పాల పైపు ఏ చేత్తో పట్టుకోవాలో మరిచిపోయుంటాడు."

"నేర్చుకుంటాడు."

"నేను నేర్చుకోలేదా? నేను నేర్చుకుంది లెక్కలోకి రాదా? వాడు మగాడనా?"

ఎల్విన్ మళ్ళీ ఆ గీతల వైపే చూశాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. ఆరు వారాలు దాచడానికే ఆయన ప్రాణం సగమైంది.

"అదీ ఉంది," అన్నాడు చివరికి. "లేదని ఎలా అంటాను? మా నాన్న నాకిచ్చాడు. మా అక్కని అడిగారో లేదో కూడా నాకు తెలీదు. నేనెప్పుడూ అడగలేదు."

ఆ మాట వినగానే బ్రోన్విన్‌కి అరికాలి మంట నెత్తికెక్కాల్సింది. ఎక్కలేదు. అంత ఓపిక మిగల్లేదు. ఎవరైనా కాస్త కుర్చీ వేస్తే కూర్చుందామనిపించింది.

దూరంగా మడి చివర గేటు దగ్గర ఆవులు అరవడం మొదలుపెట్టాయి. మూడు కావస్తోంది. పొదుగులు నిండితే అవి ఆగవు.

"వెళ్ళు," అన్నాడు ఎల్విన్ మెత్తగా. "ఇవాళ్టికి దాని మీదే వెళ్ళు. తర్వాత మాట్లాడుకుందాం."

"ఎక్కలేను నాన్నా."

"మొండికెయ్యకు."

"మొండితనం కాదు. కాలు అందదు. కొలిచి మరీ నాకు అందకుండా చేయించావు."

ఎల్విన్ బైకుని చూశాడు. కూతురి కాళ్ళని చూశాడు. సీటు ఎత్తు వైపూ, బురద పట్టిన ఆమె బూట్ల వైపూ మార్చి మార్చి చూశాడు. ఆరు వారాలుగా ఈ బైకు గురించి ఆలోచించిన మనిషికి ఆ సంగతి ఇప్పుడే తట్టినట్టుంది. 

"మరి నీకేం కావాలి బ్రోన్?"

ఆ ప్రశ్న ఈ ఇంట్లో ఇంతదాకా ఆమెని ఎవరూ అడగలేదు. టీ కావాలా అని అడిగారు, దుప్పటి కావాలా అని అడిగారు.  అలిసిపోయిన మాట అబద్ధమా? కాదు. రేపు పొద్దున లేవాలంటే ఇప్పుడే ఏడుపొస్తోంది. అయినా ఎక్కడికైనా వెళ్ళిపోదామని ఒక్కరోజు కూడా అనిపించలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని ఈయనకి ఎలా చెప్పడం?

"మెత్తటి స్ప్రింగులు కావాలి," అంది. "యాభై ఎనిమిది కిలోలకి. వారిక్‌కి చెప్పి మార్పించు. పక్కన పని చెయ్యడానికి ఒక మనిషి కావాలి, నెలకి రెండు ఆదివారాలు నిద్ర కావాలి. కర్టిస్ వచ్చి పని చేస్తానంటే చెయ్యనీ, నేనే నేర్పిస్తాను. కానీ గేట్లు నావి. అది కాయితం మీద ఉండాలి, నువ్వూ అమ్మా ఉండగానే."

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. నోరీన్ తీయలేదు.

"ఆలస్యమైంది తల్లీ," అన్నాడు ఎల్విన్. గొంతు దాదాపు వినపడలేదు. "వాడు సోమవారంనాడే రాజీనామా ఇచ్చేశాడు. ఇల్లు ఖాళీ చేస్తున్నారు. పిల్లల్ని బడి మాన్పించారు. శుక్రవారం ఓడెక్కుతున్నారు. పొలం నీదేనని వాడికి మాటిచ్చేశాను."

ఆవుల అరుపులు ఇంకా పెరిగాయి. టిక్ కొత్త బైకు చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనక పలక ఎక్కబోయి జారింది. బ్రోన్విన్ దాని మెడ పట్టుకుని పక్కకి లాగింది.

తనని అడక్కుండానే తన గురించి ఎంత తేలిగ్గా నిర్ణయాలు జరిగిపోయాయో ఆమెకి తెలిసొచ్చింది. తమ్ముడి మీద పెద్దగా కోపం రాలేదు. పాపం, వాడితోనూ అబద్ధమే చెప్పారు. అక్క వదిలేస్తానందని. అది నిజమనుకునే వాడు ఇంట్లో సామానంతా మూటలు కట్టుకుంటున్నాడు.

ఆమె బైకు తాళం తీసి తండ్రి అరచేతిలో పెట్టి, ఆయన వేళ్ళు మూసింది. గోడకి ఆనించిన ఆవుల్ని తోలే కర్ర అందుకుని సందు వైపు నాలుగడుగులు వేసింది, కుంటుతూ. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది.

"ఇవాళ మంగళవారం నాన్నా. శుక్రవారానికి ఇంకా టైముంది. అక్క వదిలేస్తాననలేదని వాడికి నువ్వు ఫోన్ చేసి చెప్తావా, నన్నే చెప్పమంటావా?"